వెనక గది లెక్క

ఆ వానాకాలమంతా మా ఇంట్లో పొద్దున లేస్తే ఒక్కటే మాట, డిగ్రీకి ఇంకా ఏమేం మిగిలాయి అని. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేస్తున్నది మా ఆవిడే గానీ, దానికి ఏమేం కావాలో నన్ను నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాణ్ణి. అందరూ తప్పనిసరిగా చదవాల్సిన పేపర్లు కొన్ని, మనకు నచ్చి ఏరుకునేవి కొన్ని, ల్యాబులు, ఒక సెమినారు, ఆ పైన థీసిస్. థీసిస్‌కి ఒక గైడు. గైడు సరేనంటే కమిటీ. కమిటీ ముందు నిలబడి వాళ్లు అడిగినవాటికల్లా జవాబు చెప్పి ఒప్పిస్తే అప్పుడు డిగ్రీ. ఇదంతా ఫలానా గడువులోగా అయిపోవాలి. గడువు దాటితే మొదట్లో పాసైన పేపర్లు చెల్లవు, మళ్లీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టుకోవాల్సిందే. పిల్లనివ్వడానికి మా మామగారు కూడా ఇన్ని షరతులు పెట్టలేదు.

పేపర్లన్నీ మా ఆవిడ ఎప్పుడో పాసైపోయింది. ఇంక థీసిస్ ఒక్కటే అనుకునే సమయానికి మా అత్తగారికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆవిణ్ణీ మామగారినీ మా ఇంటికి తీసుకొచ్చేశాం. వెనక గదిలో మంచం వేశాం. మా ఆవిడ పుస్తకాలు మూసేసి తల్లి పక్కన కూర్చుంది. నడి వేసవిలో అత్తగారు ఆ గదిలోనే పోయారు. అయినవాళ్లంతా వచ్చి ఏడ్చి వెళ్లారు. మా ఆవిడ మాత్రం ఏడవలేదు. మంచం విప్పదీయించి అటకెక్కించి, ఆ గదిలోనే తన బల్ల వేసుకుంది.

"వానలు వెనక్కి తగ్గేలోగా కమిటీ ముందు నిలబడాలండీ. ఈసారి పోతే మళ్లీ చదివే ఓపిక నాకు లేదు," అంది.

నాకు భయం వేసింది. ఆ డిగ్రీ కూడా చేజారితే ఈ మనిషికి పట్టుకోడానికి ఇంకేమీ ఉండదనిపించింది.

తన థీసిస్ ఏమిటంటే, కెమెరా లేకుండా గదిలో ఎంతమంది ఉన్నారో చెప్పే యంత్రం. సబ్బుబిళ్లంత పెట్టెలు ప్రతి గదిలోనూ మూలమూలకీ అంటించింది. ఒకటి వేడిని చూస్తుంది, ఒకటి నేల అదురుని పట్టుకుంటుంది, ఒకటి గాలిని చూస్తుంది. ఎక్కడైనా మంటలంటుకుంటే లోపల ఎంతమంది చిక్కుకున్నారో బయటివాళ్లకి తెలుస్తుందట. అయితే యంత్రానికి పుట్టుకతో ఏమీ రాదు. ఇదిగో ఇప్పుడు గదిలో ఇద్దరున్నారు, ఇప్పుడు ముగ్గురున్నారు అని ఎవరో ఒకరు వారాల తరబడి చెప్తూ పోతే, అప్పుడు అది ఆ పెట్టెల సంగతీ ఈ అంకెల సంగతీ ముడివేసుకుని తనంతట తను చెప్పడం నేర్చుకుంటుంది.

ఆ చెప్పే పని మామగారికి అప్పగించింది. అంకెలున్న చిన్న మీటల పెట్టె ఆయన చేతిలో పెట్టి, "నాన్నా, ఇది టింగుమన్నప్పుడల్లా నువ్వున్న గదిలో ఎంతమంది ఉంటే అంత నొక్కు. నిన్ను కూడా కలుపుకో," అంది. మామగారు జీవితమంతా కుట్టుమిషను తొక్కిన దర్జీ. అత్తగారు పోయాక మిషను మీద గుడ్డ కప్పేసి, గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు మళ్లీ ఒక పని దొరికింది. మహా శ్రద్ధగా నొక్కేవారు. భోజనం మధ్యలో టింగుమంటే ఎడంచేత్తో నొక్కి మరీ తినేవారు. నేను వేళాకోళం చేస్తే, "నవ్వండి బాబూ, మీ ఆవిడ డిగ్రీ నా వేలి మీద ఉంది," అనేవారు.

యంత్రం నేర్చుకుంది. ముందు గదిలో గోడకి ఒక చిన్న తెర పెట్టి, ఏ గదిలో ఎంతమంది ఉన్నారో అందులో కనిపించేట్టు చేసింది. ఆ రోజు దుకాణానికి మధ్యాహ్నం తాళం వేసి, తడుస్తూ ఇంటికొచ్చాను. నాది కళ్లజోళ్ల దుకాణం. గొడుగు ఆరబెడుతూ తెర వంక చూస్తే ముందు గది రెండు అని ఉంది. నేను, కుర్చీలో కునికిపాట్లు పడుతున్న మామగారు. సరిగ్గానే ఉంది. వెనక గది కూడా రెండు అని ఉంది.

"ఏమోయ్, లోపల ఎవరితో ముచ్చట్లు?" అని అరిచాను.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే," అంటూ బయటికొచ్చింది మా ఆవిడ. తను గడప దాటగానే వెనక గది అంకె సున్నా అయింది. మళ్లీ లోపలికెళ్లింది. రెండు. నేను వెళ్లి గుమ్మంలో నిలబడి ఒక కాలు లోపల పెట్టాను. మూడు.

నాకు నవ్వొచ్చింది. తనకి రాలేదు. మిగతా గదులన్నీ తిరిగి చూశాం. వంటింట్లో సరిగ్గా చెప్తోంది, పడకగదిలో సరిగ్గా చెప్తోంది. వెనక గదిలో మాత్రం ఒకటి ఎక్కువ. ఆ గది ఖాళీగా ఉంటే సున్నాయే. మనిషి అడుగుపెడితే చాలు, ఒకరు అదనం.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. మామగారి అంకెలు తెరిచి చూసింది. ఆయన వెనక గదిలో ఒక్కరే కూర్చున్నప్పుడల్లా రెండు నొక్కారు. ముగ్గురం కూర్చున్నప్పుడల్లా నాలుగు.

"నాన్నా, ఇంట్లో మనం ముగ్గురమే కదా. నాలుగు ఎందుకు నొక్కావు?"

మామగారు తెల్లబోయారు. "నాలుగు నొక్కానా?" అన్నారు. కాసేపు తన వేలి వంకే చూసుకున్నారు. "గదిలో ఎంతమంది ఉంటే అంత నొక్కమన్నావు కదమ్మా. అంతే నొక్కాను. ఎక్కువా తక్కువా నొక్కలేదు."

"పోనీ, వెనక గదిలో నీకు ఎవరైనా కనిపిస్తారా?"

"ఛ, కనిపించడమేమిటి! నాకేం పిచ్చా?" అని గట్టిగా అన్నారు గానీ, ఆ తర్వాత ఆయన గొంతు తగ్గిపోయింది. "లెక్కపెట్టేటప్పుడు మాత్రం అంతమందే వస్తారమ్మా. తప్పయితే తీసేయ్."

మర్నాడు ఆయన్ని దుకాణానికి తీసుకెళ్లి కళ్లు పరీక్ష చేశాను. నా బుద్ధి అంతవరకే పోయింది. అద్దాలు మార్చి మార్చి చూపించాను. అట్ట మీద అడుగు వరుస దాకా ఆగకుండా చదివేశారు. చూపులో ఏ దోషమూ లేదు. తిరిగొచ్చేటప్పుడు వానలో గొడుగు కింద ఇద్దరం ఇరుక్కుని నడుస్తుంటే, "బాబూ, నా వల్ల దాని డిగ్రీ పోదు కదా?" అని అడిగారు. పోదని చెప్పాను. పోతుందేమోనని నాకూ గుబులుగానే ఉంది.

మా ఆవిడ గైడు ఒక మేడమ్. థీసిస్‌లో కామా తప్పిపోతే పేజీ మొత్తం తిప్పికొడుతుంది. అందుకని మేం చాటున కామా మేడమ్ అనేవాళ్లం. సంగతి విని ఆవిడ విసుక్కుందట. "పెద్దాయన పొరపాటు పడితే యంత్రమూ అదే పొరపాటు నేర్చుకుంటుంది, అందులో వింతేముంది? అసలు ఒక్క మనిషి అంకెల్ని నమ్మి ముందుకెలా వెళ్లావు? ఇద్దరు వేరువేరుగా నొక్కాలి. ఇద్దరి అంకెలూ పోల్చి చూపిస్తే గానీ నేను కమిటీకి పంపను," అందట. అదీ నిబంధనేనట.

ఆ రెండో మనిషి ఇంకెవరు, నేనే. ఆయన అంకెలు కలవకుండా మామగారిని వేరే ఊళ్లో ఉన్న వాళ్ల తమ్ముడి ఇంటికి పంపించాం. మధ్యాహ్నాలు దుకాణం మూసి, వెనక గదిలో ఆయన కుర్చీలో కూర్చునేవాణ్ణి. మా ఆవిడ బల్ల దగ్గర కూర్చుని థీసిస్ రాసుకునేది. బయట ఒకటే వాన, కిటికీలన్నీ మూసి ఉండేవి. టింగుమన్నప్పుడల్లా తలెత్తి చూసి, లెక్కపెట్టి, నొక్కేవాణ్ణి. లోకం కళ్లన్నీ సరిచేసేవాణ్ణి, నా కళ్లు మోసపోతాయా అని నా ధీమా. చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నాలు నాకు బాగుండేవి. గదిలో ఒంటరిగా ఉన్నా ఒంటరిగా ఉన్నట్టుండేది కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారింటికి వెళ్తే, మామగారు మిషను తొక్కుతుంటే పక్కన అత్తగారు తలొంచుకుని కాజాలు కుట్టేవారు. ఎవరూ ఏమీ మాట్లాడుకోకపోయినా హాయిగా ఉండేది. అలాంటి హాయి.

గడువు దగ్గరపడ్డాక, మా ఆవిడ నా అంకెలు తెరిచింది. వంటింట్లో ఉన్న నన్ను పిలిచింది.

"ఏమండీ, మీరు ఎంత నొక్కారు?"

"మనిద్దరం ఉన్నప్పుడు రెండు. నేనొక్కణ్ణే ఉంటే ఒకటి. ఏం?"

తను కుర్చీ పక్కకి జరిపి చూడమంది. ఇద్దరం ఉన్నప్పుడు మూడు. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు రెండు. ఒకసారి రెండుసార్లు కాదు, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అంతే.

"ఇవి మీ నాన్న అంకెలు. కలిసిపోయి ఉంటాయి."

"నాన్న ఊళ్లోనే లేడు కదండీ."

కుర్చీ దగ్గరికి వెళ్లి, ఆ మీటల పెట్టె చేతిలోకి తీసుకుని చూసుకున్నాను. ఎంత గుర్తు తెచ్చుకున్నా రెండు మీట నొక్కినట్టు గుర్తురాలేదు. మూడు నొక్కినట్టూ గుర్తులేదు. లెక్కపెట్టడం గుర్తుంది, లెక్క సరిపోయిందనిపించడం గుర్తుంది, అంతే. తాళం ఎటు తిప్పాలో చెయ్యి ఆలోచించనట్టు నా బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది.

"నీ యంత్రం మమ్మల్నిద్దర్నీ పిచ్చివాళ్లని చేసింది," అన్నాను. అది ఉక్రోషంతో అన్న మాట.

"యంత్రం మీకేం నేర్పలేదు. మీరే దానికి నేర్పారు," అంది తను. మాట చాలా నెమ్మదిగా ఉంది. "అదే నాకు అర్థం కానిది. లెక్క నేర్చుకునేటప్పుడు ఏది ఏ గదో దానికి తెలియదు, మీరిద్దరూ ఊరికే తోచినట్టు నొక్కి ఉంటే అది నేర్చుకోగలిగేది కాదు. అది నేర్చుకోవాలంటే ఈ గదిలో నిజంగానే ఏదో తేడా ఉండాలి. ఏ పెట్టెలో ఉందా అని ఒక్కొక్కటీ తీసేసి చూశాను. వేడి చూసేది తీసేశాను, మారలేదు. నేల అదురు తీసేశాను, మారలేదు. గాలిది తీసేస్తే మాత్రం సరిగ్గా చెప్తోంది."

"గాలిది ఏం చూస్తుంది?"

"మనం వదిలే ఊపిరి," అంది.

ఆ గదిలో నెలల తరబడి తల్లి ఊపిరి వింటూ కూర్చున్న మనిషి తను. ఆ మాట చెప్పి, నా మొహంలోకి చూడకుండా తెర వైపు తిరిగిపోయింది. ఈ ఊపిరి సంగతి నాన్నకి చెప్పొద్దంది. నేను చెప్పలేదు.

కామా మేడమ్ దగ్గరికి ఈసారి నేనూ వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చుంటే తలుపు సందులోంచి అంతా వినిపించింది. మా ఆవిడ దాచకుండా చెప్పేసింది. ఇద్దరి అంకెలూ కలిశాయి, యంత్రమూ అదే చెప్తోంది, కానీ ఆ ఎక్కువ వచ్చిన మనిషి గదిలో లేరు, అని.

"ఎప్పుడూ ఒకటే ఎక్కువా? ఒక్కోసారి రెండు, ఒక్కోసారి సున్నా అలా మారుతుందా?"

"మారదు మేడమ్. ఎప్పుడూ ఒకటే."

"అయితే దీనికి ఇంత కంగారెందుకు? తక్కెడ ఒక పక్కకి మొగ్గుతుంటే అంత తగ్గించి చూసుకోమూ? ఆ గదిలో వచ్చిన లెక్కలోంచి ఒకటి తీసేయ్. సవరణ చేశానని థీసిస్‌లో రాయ్. కారణం తెలియలేదని రాయ్, తప్పు లేదు. సవరణ లేకుండా మాత్రం తీసుకురాకు. లేని మనిషిని ఉన్నాడని చెప్పే యంత్రానికి ఎవరూ డిగ్రీ ఇవ్వరు."

మామగారు తిరిగొచ్చారు. మిషను మీద గుడ్డ తీసి, కమిటీ రోజుకి కూతురు వేసుకోవాల్సిన జాకెట్టు చేతులు వదులు చేస్తున్నారు. అన్నాళ్లకి మిషను చప్పుడు వినిపించేసరికి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మా ఆవిడ వెళ్లి ఆయన ఎదురుగా కింద కూర్చుంది.

"నాన్నా, వెనక గది లెక్కలోంచి ఒకటి తీసేస్తున్నాను."

"ఎవర్ని?" అన్నారు మామగారు.

"ఎవర్నీ కాదు నాన్నా. ఒకటి. అంకె."

ఆయన మిషను ఆపారు. సూదికి దారం ఎక్కించబోయి, ఎక్కక, దారం కొస నోట్లో తడిపి మళ్లీ ప్రయత్నించారు. "అల్లుడుగారు కూడా అలాగే నొక్కారట కదా," అన్నారు. "నాకొక్కడికే కాదన్నమాట. ఆ మాట విన్నప్పట్నుంచి కాస్త నిద్ర పడుతోందమ్మా. తియ్యకుండా కుదరదా?"

"కుదరదు నాన్నా. డిగ్రీ రాదు."

దారం ఎక్కింది. "అయితే తీసేయ్," అన్నారు. "మీ అమ్మ కూడా అదే అనేది. నన్ను కనిపెట్టుకుని కూర్చుని చదువు పాడుచేసుకోకు అని."

మా ఆవిడ లేచి వెళ్లి, సవరణ రాసి, పాత అంకెల మీద సరిచూసుకుంది. సరిగ్గా వచ్చింది. కమిటీ రోజు పొద్దున, ముగ్గురం బయల్దేరబోయే ముందు, సవరించిన ప్రోగ్రామే ఇంట్లో కూడా నడవాలని దాన్ని ఎక్కించి వచ్చింది. వెనక గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ఖాళీ గదిలో తీసెయ్యడానికి ఏమీ లేదు గనక తెర మీద ఆ గదికి సున్నాయే చూపిస్తోంది.

కమిటీ ముందు మా ఆవిడ ఎక్కడా తడబడలేదు. నేనూ మామగారూ వెనక వరుసలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. బయటి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు ఒకాయన సవరణ ఉన్న పేజీ దగ్గర ఆగారు.

"ఈ ఒకటి ఎక్కువ రావడానికి కారణం?"

"తెలియదు సార్."

"ఏమని మీ ఊహ?"

మా ఆవిడ వెనక వరుస వైపు చూడలేదు. "ఊహలు రాయకూడదని రాయలేదు సార్," అంది.

ఆయన నవ్వారు. కామా మేడమ్ కూడా నవ్వింది. మమ్మల్ని కాసేపు బయటికి పంపి, మళ్లీ లోపలికి పిలిచి, అభినందనలు చెప్పారు. డిగ్రీకి కావలసినవన్నీ పూర్తయ్యాయి అన్నారు. గడువు ఇంకా మిగిలే ఉంది. మామగారు అక్కడున్న ప్రతివాళ్ల చెయ్యీ పట్టుకుని ఊపేశారు, ఆఖరికి తలుపు తీసిన అటెండరుది కూడా.

ఇంటికొచ్చేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. మామగారు చొక్కా మార్చుకుని, సంతోషం పట్టలేక అటూ ఇటూ తిరిగి, వెనక గదిలోకి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు. అత్తగారికి చెప్పడానికే వెళ్లారని నాకు తెలుసు. నేను ముందు గదిలో చెప్పులు విప్పుతూ మామూలుగా తెర వంక చూశాను. వెనక గది సున్నా.

కాసేపు చూశాను. మారలేదు. వంగి లోపలికి చూస్తే మామగారు కుర్చీలోనే ఉన్నారు. తెర మాత్రం గదిలో ఎవరూ లేరంటోంది.

"ఏమోయ్, నీ యంత్రం ఆగిపోయినట్టుంది," అన్నాను.

మంచినీళ్ల గ్లాసుతో వచ్చిన మా ఆవిడ తెరని చూసింది. గదిలోకి చూసింది. మళ్లీ తెరని చూసింది.

"ఆగలేదండీ. నిన్నటిదాకా నాన్న ఒక్కడే కూర్చుంటే దానికి ఇద్దరు దొరికేవారు. రెండులోంచి ఒకటి తీస్తే ఒకటి రావాలి." గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు లోపల ఒక్కరే దొరుకుతున్నారు. ఆ ఒక్కటీ నేను తీసేస్తున్నాను."

"పోన్లే, మళ్లీ సరిచెయ్యి."

"ఏం సరిచెయ్యనండీ?" అంది.

లోపలికెళ్లి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. తెర మీద ఒకటి పడింది. ఇద్దరూ నా కళ్లకి ఎదురుగా కనిపిస్తూనే ఉన్నారు. మామగారికి గదిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోయినట్టుంది. కూతురి తల మీద చెయ్యి వేశారు. "డిగ్రీ వచ్చిందని చెబుదామని వచ్చానమ్మా," అన్నారు.

అప్పుడు ఏడ్చింది మా ఆవిడ. వేసవి నుంచి దాచుకున్నదంతా, చిన్నపిల్లలా, వెక్కి వెక్కి, అమ్మా అమ్మా అంటూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లాలని ఉంది గానీ, వెళ్తే ముగ్గురికి రెండు చూపిస్తుందే, అది చూడలేననిపించి గుమ్మంలోనే నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే తను సవరణ తీసేసింది. కాలేజీకి ఇచ్చిన ప్రతిలో అది అలాగే ఉంది. ఇంట్లో మాత్రం వెనక గదిలో ఒకరుంటే ఒకటి, ముగ్గురం కూర్చుంటే మూడు. ఆ తర్వాత యంత్రం ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మామగారు మాత్రం ఆ గదిలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ నన్ను అడిగేవారు, "నేను లోపలున్నప్పుడు ఎంత చూపించింది బాబూ?" అని. ఒకటే మామగారూ, అని చెప్పేవాణ్ణి.